మాటల్లో ఆడ మగ తేడా: ఇంట్లో, బడిలో, ఆఫీసులో మనం ఏం మార్చొచ్చు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఈ మధ్య తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక పని ఇచ్చాను. ఇంట్లో అమ్మ గురించి, నాన్న గురించి ఎలా మాట్లాడతారో అలాగే, మార్చకుండా, నోటికి వచ్చిన మాటే రాసుకురమ్మన్నాను. ఉద్యోగస్తుల పిల్లల నోట్సుల్లో ఎక్కువగా కనిపించింది ఇది: "నాన్నగారు వచ్చారు, భోంచేశారు, పడుకున్నారు." "అమ్మ వచ్చింది, వండింది, అంట్లు తోమింది." ఆ అమ్మల్లో టీచర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, ఒకరిద్దరి ఇళ్లలో అమ్మదే పెద్ద ఉద్యోగం. అయినా క్రియ దగ్గరికి వచ్చేసరికి నాన్నకి "రు", అమ్మకి "ది".

ఆడవాళ్లని కించపరిచే తిట్లు, సామెతలు తప్పని చాలామంది ఒప్పుకుంటారు. కానీ తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది, అది పొద్దున్న లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా నోట్లో ఆడుతూనే ఉంటుంది. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది పిల్లలు అక్కడే నేర్చేసుకుంటున్నారని నాకు గట్టిగా అనిపిస్తోంది. దీన్ని ఎక్కడ మొదలుపెట్టి మార్చాలో మీ అనుభవం నుంచి చెప్పండి. క్లాసులో వాడుకుంటాను.

రాజాం రోడ్డు

గట్టు గారూ, మీ ఉద్దేశం మంచిదే, కానీ నేను ఒప్పుకోలేను. అమ్మని నువ్వు అనడం చనువు. పైడితల్లమ్మకి మొక్కుకునేటప్పుడు "తల్లీ, నువ్వే దిక్కు" అంటాం గానీ "మీరే దిక్కు" అంటామా? అమ్మని మీరు అంటే పరాయి మనిషిని చేసినట్టే. ఇంక "వచ్చింది" అంటారా, అది వ్యాకరణం. తరతరాలుగా అలాగే ఉంది. అమ్మ వచ్చింది అన్నా, ఆవు వచ్చింది అన్నా రెండూ ఒకటే అనుకుని ఎవరూ మాట్లాడటం లేదు. దాన్ని కూడా వివక్ష అంటే పాతకాలం వాళ్లందరినీ దోషులని చేసినట్టు అవుతుంది.

బొబ్బిలి వీణ

రాజాం రోడ్డు గారు వ్యాకరణం అన్నారు కాబట్టి అదే చూద్దాం, నాకు ఇష్టమైన సంగతి, కొంచెం పెద్దగా రాస్తాను.

చిన్నయ సూరి 1858లో బాలవ్యాకరణంలో నామవాచకాలని మహత్తులు, అమహత్తులు అని విడదీశారు. ఆడవాళ్లు, జంతువులు, ప్రాణం లేని వస్తువులు, ఈ మూడూ కానివి మహత్తులు. అంటే మిగిలింది మగవాళ్లు. ఈ విభజన ఆయన పుట్టించింది కాదు, జనం నోట్లో ఉన్నదానికి పేరు పెట్టారు. ఏకవచనంలో "వాడు వచ్చాడు" ఒక పక్క, "అది వచ్చింది" ఇంకో పక్క, ఆ రెండో పక్క ఆడమనిషీ ఆవూ బస్సూ అన్నీ. బహువచనంలోకి వెళ్లగానే లెక్క మారిపోతుంది. ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి "వచ్చారు" అవుతారు, ఆవులూ బస్సులూ "వచ్చాయి" దగ్గరే ఉండిపోతాయి. తమిళంలో, కన్నడంలో అలా కాదు, ఏకవచనంలోనే ఆడవాళ్లకి విడిగా క్రియారూపం ఉంది, "వందాళ్" అనీ "బందళు" అనీ. పార్వతీపురం, అరకు ఏజెన్సీలో మాట్లాడే కువి భాషలో అయితే బహువచనంలో కూడా ఆడవాళ్లు మగవాళ్లతో కలవరు. కాబట్టి ఇది తెలుగువాళ్లు ఎవరినో తక్కువ చేద్దామని కూర్చుని రాసుకున్న రూలు కాదు, చాలా పాతది. ఇక్కడి వరకూ రాజాం రోడ్డు గారితో నాకు పేచీ లేదు.

కానీ "వచ్చింది" వ్యాకరణం అయితే "వచ్చాడు" కూడా వ్యాకరణమే కదండీ. మరి నాన్నకి అది ఎందుకు సరిపోలేదు? "నాన్న వచ్చాడు" అంటే అమర్యాదగా అనిపించి "వచ్చారు"కి పెంచుకున్నాం. అమ్మకి పెంచాలని తోచలేదు. భాష ఆ "రు"ని ఇద్దరికీ అందుబాటులో పెట్టింది, ఎవరికి వాడాలన్నది మాత్రం మనం ఇంట్లో తేల్చుకున్నాం. సూరి గారి మీదా, భాష మీదా తోసేయడం నాకు సబబుగా లేదు.

ఇంకొకటి. ఈ "రు"లో ఆడ మగ తేడా లేదు. "డాక్టరు గారు వచ్చారు" అంటే ఎవరో చూసేదాకా తెలియదు. ఇంగ్లీషు వాళ్లు "హీ" అనాలా "షీ" అనాలా అని తర్జనభర్జన పడి ఒక్క మనిషికి కూడా "దే" వాడుతున్నారు. మనకి వారు, ఒకరు, ఎవరు, తాము అన్నీ ఎప్పటి నుంచో ఉన్నాయి. కొత్త మాటలు పుట్టించే పని లేదు.

రాజాం రోడ్డు

వీణ గారూ, నాన్నకి "వచ్చాడు" ఎందుకు సరిపోలేదన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆలోచిస్తాను. చనువు సంగతి మాత్రం వదలను. చనువుని వివక్ష అనకండి.

పలాస జీడిపిక్క

ఇక్కడ అందరూ ఉద్యోగస్తుల ఇళ్లే చూస్తున్నారు, నాకు అది కొంచెం బాధగా ఉంది.

మా ఇంట్లో "నాన్నొచ్చాడు, అమ్మొచ్చింది", ఇద్దరికీ నువ్వే. అమ్మ నాన్నని "ఏటి మావా" అంటుంది, మావా ఎక్కడున్నావ్ అని గట్టిగా అరుస్తుంది, ఏమండీ లేదు గీమండీ లేదు. ఆ లెక్కన కూలి చేసుకునే మా ఇల్లు మీ ఇళ్ల కన్నా ముందుంది. రాజాం రోడ్డు గారు చెప్పిన చనువు మా దగ్గర నిజంగా చనువే, ఎందుకంటే అది ఇద్దరికీ ఉంది. మీ దగ్గర ఆ చనువు ఒక్క అమ్మకే ఎందుకు మిగిలిందో మీరు చూసుకోవాలి.

మా అమ్మ జీడిపిక్కలు కొట్టే పనిలో చాలా ఏళ్లు ఉంది. చేతులకి జీడి రసం అంటి తోలు ఊడిపోయేది, పెళ్లిళ్లలో అందరిలో కూర్చుని చేత్తో తినడానికి మొహమాటపడేది. అక్కడ లెక్క రాసే కుర్రాడు, వయసులో నా కన్నా చిన్న, మా అమ్మని "ఓలే", "ఏటే" అని పిలిచేవాడు. అదే వయసు మగ కూలీని "ఏటి తాతా" అనేవాడు, వరస పెట్టేవాడు. మళ్లీ యజమాని ఇంటి ఆడవాళ్లు వస్తే "అమ్మగారు వచ్చారు" అని లేచి నిలబడేవాడు. అంటే ఆడవాళ్లకి "రు" పెట్టడం అతనికి చేతకాక కాదు. ముందు డబ్బు, కులం, ఆ తరవాత ఆడా మగా. చదువుకున్న అమ్మలకి మాత్రం "రు" పెట్టి ఊరుకుంటే మా అమ్మలాంటి వాళ్లు ఉన్నచోటే ఉండిపోతారు. క్లాసులో చెప్పేటప్పుడు దయచేసి బడి ఊడ్చే ఆయా గురించి, మధ్యాహ్న భోజనం వండే వాళ్ల గురించి పిల్లలు ఎలా మాట్లాడతారో కూడా రాయించండి.

నాగావళి గట్టు

అప్పా (అక్కా), తప్పకుండా రాయిస్తాను. చెప్పినందుకు చాలా థాంక్స్.

చీపురుపల్లి చేను

పలాస అప్ప చెప్పినదానికి నాదొకటి కలుపుతాను. రైతు అన్న మాటలో ఆడా లేదు మగా లేదు. కానీ టీవీ పెడితే రైతన్న, నేతన్న. అన్న ఎక్కడున్నాడండీ మా చేలో? మా ఆయన వలస వెళ్లి చెన్నైలో బిల్డింగు పనుల్లో ఉంటాడు, పండక్కి వస్తాడు. ఊడుపులు, కలుపు, కోత, నూర్పు, ఎరువుల కోసం లైను, అన్నీ నావే. అయినా చేను దగ్గరికి ఎవరొచ్చినా మొదటి మాట "మగోళ్లు ఎవరూ లేరా అమ్మా?" 2007లో కేంద్రం తెచ్చిన జాతీయ రైతు విధానంలో పట్టా ఉన్నవాళ్లతో పాటు కౌలుదారులని, వ్యవసాయ కూలీలని కూడా రైతులుగానే చెప్పారు. కాగితం మీద నేను రైతునే. నోటి మీద మాత్రం రైతు భార్యని.

"మగోళ్లు లేరా" అనకుండా "ఈ చేను ఎవరు చూస్తారు?" అని అడిగితే చాలు. ఒక్క ప్రశ్న మార్చుకోమని అడుగుతున్నాను.

నెల్లిమర్ల కౌంటర్

నేను దరఖాస్తులు నింపే పనిలో ఉన్నాను, రోజూ ఇదే చూస్తాను. "ఇంటి యజమాని పేరు" అనగానే ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పమని పక్కవాళ్లకి సైగ చేస్తారు, పెద్దవయసు వాళ్లయితే భర్త పేరు నోటితో పలకరు. మొగుడు లేకపోతే కొడుకు పేరు. కొడుకు ఇంకా స్కూల్లో ఉన్నా సరే.

చాలామందికి తెలియనిది ఏంటంటే 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఆ ఇంట్లో 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో అందరి కన్నా పెద్దావిడ. చట్టం స్పష్టంగా ఆవిడనే అంది. పాస్‌పోర్టుకి తల్లి, తండ్రి ఇద్దరి పేర్లూ ఉండాలన్న నిబంధన 2016 డిసెంబరులో పోయింది, ఒకరి పేరు చాలు. పాన్ కార్డుకి కూడా తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లలకి తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018లో మార్చారు. ఇన్ని మారినా కౌంటర్ అవతల కూర్చున్నవాళ్ల నోట్లో ప్రశ్న మారలేదు. "తండ్రి పేరా, భర్త పేరా?" అనే అడుగుతారు. నేను "మీ ఇంటి పెద్ద ఎవరండీ?" అని అడిగి, తల ఎత్తి ఆవిడ మొహమే చూస్తాను. మొదట తికమక పడతారు. తరవాత కొందరు గట్టిగా "నేనే" అంటారు. నాకు ఆ ఉద్యోగంలో అంతకన్నా తృప్తి ఏదీ లేదు.

ఆమదాలవలస లిఫ్టర్

మాది ఊసవానిపేటకి దగ్గర. కరణం మల్లేశ్వరి గారి ఊరు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు, మన దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ. అలాంటి మనిషి పుట్టిన చోట కూడా నేను జిమ్‌కి వెళ్లడం మొదలుపెట్టగానే వీధిలో నాకు పెట్టిన పేరు "మగరాయుడు". కొందరు తిట్టుగా అన్నారు, కొందరు నిజంగా మెచ్చుకుంటూ అన్నారు. మెచ్చుకున్నవాళ్ల మాటే నన్ను ఎక్కువ కుదిపింది. బలం మగవాళ్ల సొమ్ము, ఆడపిల్ల ఒంట్లో కనిపిస్తే ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు.

విజయనగరం పక్కన కొండవెలగాడ ఉంది కదా, అక్కడి నుంచి మత్స సంతోషి గారు 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం తెచ్చారు. ఇలాంటి వార్త ఎప్పుడు వచ్చినా "ఆడపిల్ల అయినా సాధించింది" అని ఎవరో ఒకరు అంటారు. ఆ "అయినా" ఒక్కటి తీసేయండి, నేను ఇంకేమీ అడగను. అలవాటు అవదని మాత్రం అనకండి. 2021లో క్రికెట్ నిబంధనలు రాసే ఎంసీసీ "బ్యాట్స్‌మన్" తీసేసి "బ్యాటర్" అంది, కొన్నాళ్లకే మన తెలుగు కామెంటరీలో కూడా బ్యాటర్ అయిపోయింది, మ్యాచ్ చూసే మా మావయ్యలు కూడా అలాగే అంటున్నారు.

టెక్కలి కుర్రాడు

మా నాన్న పోయినప్పుడు నాకు పదహారేళ్లు. ఏడుస్తుంటే "ఏట్రా ఆడగుంటలాగ ఏడుస్తావు, అమ్మని చూసుకోవాల్సినోడివి" అన్నారు. అన్నవాళ్లు మంచివాళ్లే, ఆ కష్టంలో మాకు అండగా నిలబడ్డవాళ్లే. కానీ ఆ తరవాత నేను మనుషుల ముందు ఏడవలేకపోయాను, ఇప్పటికీ లేను. ఆ మాట ఆడపిల్లల్ని కూడా తక్కువ చేస్తుందన్నది చాలా కాలం నాకు తట్టలేదు. నా చెల్లి పక్కనే కూర్చుని విన్నది. ఆడగుంట ఏడుపంటే లెక్కలేనిదని దానికి అప్పుడే తెలిసిపోయింది. మగపిల్లలకి కూడా ఈ చర్చ కావాలి, దయచేసి ఆడవాళ్ల గొడవ అని పక్కన పెట్టకండి.

రాజాం రోడ్డు

టెక్కలి తమ్ముడూ, ఇది చదివి నాకు మాట రాలేదు. నువ్వు చెప్పింది నిజం.

గంటస్తంభం వీధి (విజయనగరం)

నాకు డెబ్భై దాటాయి. నా వయసు వాళ్లు ఇలాంటి చర్చల్లో భాష పాడైపోతుందని అంటారు, నేను అనను. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో ఇక్కడే శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని పోరాడారు, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలో పుస్తకాలు రాశారు. అప్పుడు కూడా పండితులు భాష చెడిపోతుందనే అన్నారు. ఇవాళ మనం ఇక్కడ ఇలా రాసుకోగలుగుతున్నామంటే ఆయన పుణ్యమే. కాబట్టి భాషని మార్చకూడదన్న మాట నా నోటి నుంచి రాదు.

నాకున్న సందేహం సామెతల గురించి. "ఆడది తిరిగి చెడింది, మగాడు తిరక్క చెడ్డాడు", "ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదు", "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాడిని నమ్మకూడదు", ఇవి మా అమ్మమ్మలే, ఆడవాళ్లే ఎక్కువ వాడేవారు. వీటిని ఏం చేయాలి? పుస్తకాల్లోంచి చెరిపేస్తే మన పాతకాలం ఎలా ఉండేదో తెలియకుండా పోతుంది కదా.

బొబ్బిలి వీణ

పెద్దాయన గారూ, పుస్తకంలో ఉండనివ్వండి. పక్కన అర్థం రాసి, ఏ కాలంలో ఎవరి మీద వాడారో రాసి పెట్టడమే మేలు. కోడలు ఉద్యోగానికి బయల్దేరుతున్నప్పుడు గుమ్మంలో కూర్చుని ఆ సామెత అనడం వేరు. మొదటిది భద్రపరచడం, రెండోది ప్రయోగించడం.

నిజానికి ఆ మొదటి సామెత ఈ జిల్లాల్లో ఎప్పుడూ నిజం కాదు. ఊడుపులకి ఊళ్లు తిరిగి, రొయ్యల కంపెనీలకి, ఇటుక బట్టీలకి వెళ్లి ఇళ్లు నిలబెట్టిన ఆడవాళ్లు ఇక్కడ ఎంతమందో. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళంలో వెయ్యి మంది మగవాళ్లకి 1015 మంది, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్లు ఉన్నారు. మగవాళ్ల వలస ఎక్కువన్నది కూడా అందులో ఒక కారణం. ఊళ్లని నడుపుతున్నవాళ్ల మీద ఈ సామెత వేయడం అన్యాయం.

నరసన్నపేట సంత

మా బంధువుల గ్రూపులో రోజూ పెళ్లాం జోకులు వస్తాయి. మా వదినలు కూడా కింద నవ్వు బొమ్మలు పెడతారు. పెట్టకపోతే "జోక్ కూడా అర్థం కాదా" అంటారు. నేను "ఇది బాగాలేదు బావా" అని ఒక్క ముక్క రాస్తాను, వాదించను. ఆ తరవాత ఒక వదిన నాకు విడిగా ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడుకున్నాం.

డెస్కు మనిషి

నేను ఒక పత్రిక డెస్కులో పనిచేశాను, ఏదని అడగొద్దు. నేర వార్తల భాష గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను, ఎందుకంటే ఊళ్లో జనం వాడే మాటలు చాలావరకు మేము అందించినవే.

"మానభంగం". ఈ మాట చెప్పేది ఏమిటి? నేరం చేసింది వాడు, భంగం అయింది ఆవిడ మానం. అంటే దాడి తరవాత ఆవిడ దగ్గర ఏదో తగ్గిపోయిందని మనం అచ్చు వేసి ఇంటింటికీ పంచుతున్నాం. "చెరిచాడు", "పాడు చేశాడు" కూడా అంతే. లైంగిక దాడి, అత్యాచారం అంటే నేరం నేరంగా కనిపిస్తుంది. "ప్రేమోన్మాది" ఇంకా అన్యాయం. కాదన్న అమ్మాయిని కత్తితో పొడిచినవాడికి ఆ మాటలో ప్రేమ అంటగట్టాం. నిందితుడు అనండి, దాడి చేసిన యువకుడు అనండి. వెంటపడి వేధించడాన్ని "ఈవ్ టీజింగ్" అంటే ఆటపట్టించినట్టు ఉంటుంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల కోసం ఒక చేతిపుస్తకం విడుదల చేసింది, తీర్పుల్లో ఆడవాళ్ల మీద స్థిరపడిపోయిన అభిప్రాయాలు మోసే మాటలు ఏవో, వాటికి బదులు ఏం రాయాలో అందులో ఉంది. ఈవ్ టీజింగ్‌ని వీధిలో లైంగిక వేధింపు అనమన్నారు. "కెరీర్ ఉమన్" లాంటి మాటలకి బదులు ఉత్త "మహిళ" చాలన్నారు. తీర్పులే మారాలని అనుకున్నప్పుడు వార్తలు మారలేవా?

శీర్షికల్లో ఇంకో అలవాటు ఉంది. మగవాడు ప్రమాదంలో పోతే "లారీ డ్రైవర్ మృతి", ఆడమనిషి పోతే "వివాహిత మృతి", "ఇద్దరు పిల్లల తల్లి మృతి". ఆవిడ అంగన్‌వాడీ టీచరో, కుట్టుపని చేసుకునే మనిషో అయ్యుంటుంది, అది నాలుగో లైనులో కూడా రాదు. మేం కొందరం వృత్తి పేరు ముందు రాయడం మొదలుపెట్టాం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, చెప్పడానికి ఏముంది?

కోట జంక్షన్

అందరూ ఆడ, మగ అనే మాట్లాడుతున్నారు, నేను ట్రాన్స్ మహిళని. రైల్లో, బజార్లో మమ్మల్ని పిలిచే మాటలు ఇక్కడ రాయను, మీకు తెలుసు. 2014లో సుప్రీంకోర్టు మా గుర్తింపు మేమే చెప్పుకునే హక్కు ఉందని తీర్పు ఇచ్చింది, 2019లో చట్టం వచ్చింది. కానీ నాకు రోజువారీ కావలసింది వీణ గారు చెప్పిన ఆ "రు". ఆసుపత్రి చీటీ దగ్గర "వచ్చాడు" అనాలా "వచ్చింది" అనాలా అని ఇద్దరు నా ముందే గుసగుసలాడి నవ్వుకున్నారు. "వచ్చారు" అనుంటే అయిపోయేది. తెలియనప్పుడు "రు" వాడండి, పేరు అడగండి. తెలిసిన తరవాత నేను ఏది చెబితే అది.

గజపతినగరం ప్రెస్సు

మాది ప్రింటింగు ప్రెస్సు, పెళ్లి కార్డులు ఎక్కువ. అబ్బాయి పేరుకి ముందు "చి.", అమ్మాయికి "చి.ల.సౌ.", అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. అబ్బాయి బాగా బతకాలని దీవెన, అమ్మాయికి మాత్రం సౌభాగ్యం, అంటే మొగుడు బతికుండటం. ఒకప్పుడు భర్త పోయినావిడ పేరుకి ముందు "గం.భా.స." (గంగా భాగీరథీ సమానురాలు) అని రాసేవారు, అది ఇప్పుడు ఎవరూ అడగడం లేదు, దానంతట అదే పోయింది. కానీ తండ్రి లేని పిల్ల పెళ్లి అయితే, పెంచి చదివించింది తల్లే అయినా, ఆహ్వానించేవారి దగ్గర మేనమామ పేరో పెదనాన్న పేరో వేయమంటారు. నేను "అమ్మ పేరు వేద్దామా?" అని అడుగుతాను. ఎక్కువమంది "బాగోదేమో" అంటారు, కొందరు తల్లి వైపు చూస్తారు, ఆవిడ వద్దంటుంది. ఆడపిల్లని "ఇచ్చాం", "పుచ్చుకున్నారు" అన్న మాటలు కూడా ఆ కార్డు రాయించేటప్పుడే ఎక్కువ వింటాను. ఇచ్చేశాం కాబట్టి ఆస్తి అడగకూడదు అన్నదాకా అది వెళుతుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ మన రాష్ట్రంలో 1986లోనే చట్టం వచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది. "పెళ్లి చేసుకుంటున్నారు" అంటే ఇద్దరూ చేసుకుంటున్నట్టు ఉంటుంది. నేను నమూనా కార్డులన్నీ అలాగే పెట్టాను, ఇద్దరికీ ఉత్త "చి.". కావాలన్నవాళ్లకి పాతవి కూడా వేస్తాను.

చీపురుపల్లి చేను

ప్రెస్సు గారూ, మా పాప పెళ్లికి మీ దగ్గరికే వస్తాను. నా పేరే వేయాలి, వాళ్ల నాన్న పేరు పక్కన.

నాగావళి గట్టు

అందరివీ చదివాను, కొన్ని రెండుసార్లు చదివాను. పలాస అప్ప చెప్పినట్టు వంట చేసే వాళ్ల గురించి, ఆయా గురించి రాయించాను. పిల్లల నోట్సుల్లో "వంటామె వచ్చింది, అన్నం పెట్టింది", హెడ్మాస్టర్ గారికి మాత్రం "వచ్చారు". క్లాసులో గట్టిగా చదివించాను, నేను ఏమీ వ్యాఖ్యానించలేదు. ఒక అబ్బాయి లేచి "ఆవిడ మా పిన్నేనండి" అన్నాడు. ఆ తరవాత ఒక నిర్ణయానికి వచ్చాం, పిల్లలే చెప్పారు: బడి లోపల పెద్దవాళ్లు ఎవరైనా సరే "గారు", "రు". ఇంట్లో అమ్మానాన్నలకి ఏది వాడినా ఇద్దరికీ ఒకటే వాడటం, నువ్వు అయితే ఇద్దరికీ నువ్వు, మీరు అయితే ఇద్దరికీ మీరు. రాజాం రోడ్డు గారి చనువు కూడా పోదు. అయితే ఇద్దరు ముగ్గురు పిల్లలు నాన్నని నువ్వు అంటే దెబ్బలు పడతాయన్నారు, వాళ్లకి అమ్మని మీరు అనమన్నాను. ఒక అమ్మ నాకు ఫోన్ చేసి "ఏటమ్మా మా గుంట నన్ను మీరు అంటంది, కోపమొచ్చిందేమో అనుకున్నాను" అన్నారు. కారణం చెప్పాక కాసేపు ఏమీ అనలేదు, తరవాత "అలగే కానీండమ్మా" అన్నారు.

ఇప్పుడు ఒక సాయం కావాలి. వార్షికోత్సవం ఆహ్వానం అచ్చు వేయాలి. పేర్ల ముందు మగవాళ్లకి శ్రీ, ఆడవాళ్లకి శ్రీమతి, కుమారి అని పాత కార్డులో ఉంది. మగవాళ్లకి పెళ్లయిందో లేదో కార్డు చెప్పదు, ఆడవాళ్లకి చెబుతుంది. ఏం పెట్టమంటారు? అధ్యక్షుడు, అధ్యక్షురాలు అన్నది ఎలా?

బొబ్బిలి వీణ

ముందు ఏమీ వద్దు, వెనకాల అందరికీ గారు. "అధ్యక్షత: ఫలానా గారు", "ముఖ్య అతిథి: ఫలానా గారు". అధ్యక్షత అంటే ఆ డు, రాలు గొడవే ఉండదు. సర్పంచ్, ఎంపీడీఓ లాంటి పదవుల ముందు మహిళా అని కూడా వేయకండి. 2007లో ప్రతిభా పాటిల్ గారు వచ్చినప్పుడు రాష్ట్రపతి అనే మాట ఆడవాళ్లకి ఎలా కుదురుతుందని చర్చ జరిగింది, ఇప్పుడు ద్రౌపది ముర్ము గారిని అందరం రాష్ట్రపతి అనే అంటున్నాం.

పలాస జీడిపిక్క

బహుమతులు తీసుకునే పిల్లల పేర్ల పక్కన తండ్రి పేరు ఒక్కటే వేస్తారు కదా, ఈసారి తల్లి పేరు కూడా వేయండి. వంట చేసేవాళ్లకి సన్మానం ఉంటే వాళ్లకీ గారు వేయండి.

గజపతినగరం ప్రెస్సు

మేటరు పంపండి గట్టు గారూ. తల్లి పేర్లు కలిపితే ఒక పేజీ పెరుగుతుంది, ఆ పేజీకి డబ్బు తీసుకోను. ప్రూఫు గురువారానికి ఇస్తాను, వంట చేసేవాళ్ల పూర్తి పేర్లు ఇంటిపేర్లతో సహా రాయించండి, ఉత్త అప్పలమ్మ, సింహాచలం అని పంపొద్దు.